గ్లెన్‌మోర్వా స్టేషన్‌లో మూడు గొర్రెలు

ఎస్సై పరీక్షలో నన్ను రెండుసార్లు ముంచింది ఇంగ్లిష్ పేపరే. పరుగులో గట్టెక్కాను, లాంగ్ జంప్‌లో గట్టెక్కాను, లెక్కల్లో కూడా దేవుడి దయవల్ల బయటపడ్డాను. ఇంగ్లిష్‌లో ఒక ఉత్తరమో రిపోర్టో రాయమనేసరికి మాత్రం పెన్ను కాగితం మీద మొరాయించేది.

అప్పట్లో నేను అశోక్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో ఉండేదాన్ని. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి పోయి, దిండూ నీళ్ల సీసా పెట్టి కుర్చీ పట్టుకోవడం, మధ్యాహ్నం హాస్టల్‌కి వచ్చి తినడం, మళ్లీ పోవడం. నా గదిలో ఇంకొక్కరే ఉండేవారు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నారాయణపేట వైపు గొర్రెల కాపరుల ఇంటి ఆడపిల్ల. గ్రూప్స్‌కి చదువుతోంది. నేను అక్కా అని పిలిచేదాన్ని. తను నన్ను పిల్లా అనేది.

ఇంగ్లిష్ కోసం నారాయణగూడలో చెప్పుల షాపు పైన క్లాసులు చెప్పే ఒక సారు దగ్గర చేరాను. ఆయన నా కాంపోజిషన్ పుస్తకం తిరగేసి, కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు. తుడిచినా అందులో మార్పేమీ లేదు.

"చూడమ్మా, ఇంగ్లిష్ చదివితే రాదు, రాస్తే వస్తది. రోజూ ఎవరితోనన్న కొట్లాడు. ఇంగ్లిష్‌ల కొట్లాడు. కోపమొస్తే గ్రామర్ దానంతటదే వస్తది" అన్నారు.

ఇంగ్లిష్‌లో కొట్లాడటానికి మనుషుల కోసం వెతికాను. హాస్టల్‌లో అందరి ఇంగ్లిషూ నాలాంటిదే. ఫోన్‌లో వెతుకుతూ వెతుకుతూ చివరికి ఒక రాజ్యంలో తేలాను.

అదొక రాసుకునే ఆట. అందులో బొమ్మలుండవు, తుపాకులుండవు. ఎక్కడెక్కడి వాళ్లో ఒక దేశం ఉన్నట్టు ఊహించుకుని, తలా ఒక వేషం కట్టి, ఆ వేషం తరఫున రాస్తూ పోతారు. మా ఊళ్లో భాగోతం ఆడినట్టే, కాకపోతే వేదిక ఫోన్‌లో ఉంటుంది. ఆ దేశం పేరు గ్లెన్‌మోర్వా. పాత ఐర్లండ్, స్కాట్లండ్ కథల్లో ఉండేలాంటి కెల్టిక్ రాజ్యం. ఎప్పుడూ మంచు కురుస్తుంటుంది, ఎవరో ఒకరు వీణలాంటిదేదో వాయిస్తుంటారు, చెట్ల కింద తెల్లగడ్డాల పూజారులు కూర్చుని శపిస్తుంటారు. అక్కకి ఆ పేరు చివరిదాకా నోరు తిరగలేదు. "గిల్లమొర్వ" అనేది.

చేరినవాళ్లంతా గొప్ప గొప్ప వేషాలు తీసుకున్నారు. సగం మంది యోధులు, పావు మంది పూజారులు, మిగిలినవాళ్లు యక్షిణులు. ఒకాయన మాట్లాడే కాకి. రాజు వేషం మొదటి నుంచీ ఒక్కరిదే. ఇదంతా నడిపేది ఎక్కడో చలి దేశంలో ఉండే ఒక స్కూల్ టీచరు. ఎవరి మాట నెగ్గాలో తేలకపోతే ఆవిడ పాచిక వేసి చెప్పేది. మేము ఆవిడను టీచరమ్మ అనుకునేవాళ్లం.

ఆ రాజ్యంలో ఒక మూల "రాజ్య రక్షక దళం" అని ఒక గది ఉంది. లోపల ఒక్క పురుగు లేదు. శాపాలు పెట్టే చోట పోలీసు పని ఎవరు చేస్తారు? నేను చూసి, ఆగలేకపోయాను. అప్లికేషన్ పెట్టాను. అందులో ఒక ప్రశ్న: మీరు పోలీసు ఎందుకు కావాలనుకుంటున్నారు? ఈ ప్రశ్నకు నా దగ్గర నాలుగేళ్లుగా మాగేసిన జవాబు ఉంది. రెండు పేజీలు పంపాను. నా ఎత్తు, పరుగు టైమింగ్ కూడా రాశాను.

సోమవారం కానిస్టేబుల్‌గా తీసుకున్నారు. శుక్రవారానికి ఎస్సై అయ్యాను, ఎందుకంటే దళంలో సీనియర్‌ని నేనే, జూనియర్‌నీ నేనే.

"అక్కా, ఎస్సై అయిన" అన్నాను.

అక్క పుస్తకంలోంచి తల ఎత్తి, "నోటిఫికేషన్ ఎప్పుడొచ్చిందే?" అంది.

చెప్పాను. యూనిఫామ్ బొమ్మ కూడా చూపించాను. మోకాళ్ల దాకా గళ్ల గుడ్డ, ముందర చిన్న తోలు సంచి. అక్క ఫోన్ తీసుకుని పెద్దది చేసి చూసింది.

"ఇది లంగ గద."

"కిల్ట్ అంటరక్కా. అక్కడ మగోళ్లే ఏసుకుంటరు."

"మగోళ్లు లంగలేసుకుని దొంగలెంబడి ఉరుకుతరా? ఉరికినట్టే" అని తిరిగి పాలిటీలో పడిపోయింది.

రాజుగారి ఇంగ్లిష్ ఎలా ఉండేదంటే, తెలుగులో చెప్పాలంటే భాగోతం ఫక్కీలోనే చెప్పాలి. మొదటిరోజు నన్ను చూసి, "ఓయీ రక్షకభటుడా! మా రాజ్యమున శాంతి వర్ధిల్లునట్లు కాపాడుము!" అన్నారు. నేను "నోటెడ్ సార్" అని రాశాను.

ఆ రాజ్యంలో చట్టమనేది లేదు కనుక నాకు తెలిసిన చట్టమే పెట్టాను. అప్పుడే మనకు పాత సెక్షన్లు పోయి కొత్తవి వచ్చాయి. దొంగతనం అనగానే నోటికి మూడొందల డెబ్బై తొమ్మిది వచ్చేది, కానీ ఇప్పుడది మూడొందల మూడు. అక్కడ కేసులు రాస్తూ ఉంటే ఇవన్నీ బుర్రకెక్కుతాయని ఆశ. మొదటి కేసు ఒక యోధుడిది. తన తమ్ముణ్ణి ఒక పూజారి హంసగా మార్చాడని ఫిర్యాదు. ఏ చెరువు దగ్గర, ఏ తేదీ, ఎన్ని గంటలకు, స్టేషన్‌కు ఏ దిక్కున, ఎంత దూరం అని అడిగాను. పూజారిని స్టేట్‌మెంట్ ఇమ్మంటే, "చంద్రుడు పొగమంచును ముద్దాడిన వేళ" అన్నాడు. "టైం రాయండి" అన్నాను. వారం రోజులు నన్ను తిట్టుకున్నారు. తర్వాత వాళ్లకే సరదా ఎక్కింది. పక్కవాడు దగ్గితే కూడా ఫిర్యాదు పట్టుకొచ్చేవాళ్లు. నారాయణగూడ సారు నా పుస్తకం చూసి ఈసారి కళ్లద్దాలు తీయలేదు.

అక్క ఆ ఆటలోకి కోపంతో వచ్చింది. ఒకరోజు అన్నాలు తింటూ నా ఫోన్‌లోకి తొంగి చూసింది. ఎవరో యోధుడు, సాయంత్రం తన గొర్రెలను ఒక్కొక్కదాన్నీ మెడకు తాడేసి గుంజలకు కట్టానని రాశాడు.

"గొర్రెను తాడుతోని కడ్తరా ఎవరన్న? మేకననుకున్నడా?" అక్క చేతిలో ముద్ద అలాగే ఉంది. "ఇగో, నేను గూడ అస్త. నన్ను గొల్లామెను చెయ్యమను."

అలా అక్క గ్లెన్‌మోర్వా కొండ మీద గొర్రెల కాపరి అయింది. టీచరమ్మ ఆమెకు ఒక గుడిసె, ఒక మంద ఇచ్చింది. అక్క ప్రతి గొర్రెకూ చెవి కోతతో గుర్తు పెట్టింది. ఏ గొర్రెకు నడకలో వంకర, ఏది మందలో ముందు నడుస్తుంది, ఏది ఈనబోతోంది, అన్నీ రాసింది. ఆ దేశాలవాళ్లు నోరెళ్లబెట్టి చదివేవాళ్లు. గ్రూప్స్ నోట్స్ కూడా అక్క అంత శ్రద్ధగా రాయలేదు.

తర్వాత అక్కకు రెండు రోజుల పాటు మాక్ టెస్టులు వచ్చాయి. ఆ రెండు రోజులూ కొండవైపు పోలేదు. మూడోరోజు మధ్యాహ్నం ఫోన్ తెరిచి చూస్తే మంద లేదు. పైకి జరిపి పాత రాతలు చదివితే, ముందురోజు రాజుగారు కోటలో పెద్ద విందు చేశారు. పాటలు, ఆటలు, వేయించిన గొర్రెమాంసం. మాంసం ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ రాయలేదు.

అక్క మంచం మీద నిటారుగా కూర్చుంది.

"నేను పరీక్ష రాయనీకి పోతే నా గొర్రెలను కోసుకొని తింటరా?"

"అక్కా, అవి ఉత్త రాతలే గద."

"ఉత్త రాతలా? చుక్క గొర్రె సూడిదే! ఈనెతందుకు ఉన్నది! సూడి గొర్రెను కోస్తరా ఎవరన్న? మా నాయనకు తెలిస్తే నన్ను ఇంట్లకు రానియ్యడు." కళ్లలో నిజంగానే నీళ్లు. తర్వాత నా వైపు తిరిగి, గొంతు మార్చి, "నువ్వు పోలీసువే గద. రాసుకో కేసు" అంది.

రాసుకున్నాను. ఫిర్యాది: గొర్రెల కాపరి, కొండ గుడిసె. ముద్దాయి: గ్లెన్‌మోర్వా రాజు.

పది నిమిషాల్లో కబురు రాజ్యమంతా పాకింది. తర్వాత రాజుగారు వచ్చారు.

"ఏమంటివీ? రాజు భుజించినది చౌర్యమెట్లగును? ఈ కొండలు మావి, ఈ గడ్డి మాది, గడ్డి మేసిన గొర్రెయు మాదియే!"

"సార్, ఆ పాయింట్ కోర్టులో చెప్పుకోండి. ప్రస్తుతం నోటీసు తీసుకుని సంతకం పెట్టండి" అన్నాను. బయట ఎండలో ఉల్లిగడ్డల బండి అరుస్తోంది. నాకు మాత్రం నిజంగా రాజుకే నోటీసు ఇచ్చినట్టు ఉంది.

కోట సోదా చేశాను. దొడ్లో మూడు గొర్రెలు బతికి ఉన్నాయని టీచరమ్మ తేల్చింది. అందులో చుక్క గొర్రె కూడా ఉందని తెలిసి అక్క మంచం మీద నుంచి దిగి నా చుట్టూ ఒక రౌండు తిరిగింది. వాటిని స్వాధీనం చేసుకోవాలంటే పంచనామా కావాలి, పంచనామాకు ఆ ఏరియాలో గౌరవంగా బతుకుతున్న ఇద్దరు సాక్షులు కావాలి. రాజు మీద సాక్ష్యం చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి మాట్లాడే కాకి ఒప్పుకుంది. రెండో సాక్షి, వాగు దగ్గర చచ్చేవాళ్ల బట్టలు ఉతుకుతూ కూర్చునే దయ్యం. కాకికి సంతకం రాదంటే కాలిముద్ర వేయించుకున్నాను.

అయితే గొర్రెలు తనవేనని రాజు అడ్డం తిరిగాడు. వాటి చెవులకు కోత ఉందని అక్క అంటే, "మా రాజముద్రయు అట్టిదే" అన్నాడు. ఆ సాయంత్రానికి నాకు ఆర్డర్ వచ్చింది. నన్ను ఉత్తరాన సముద్రంలో ఒక దీపస్తంభం ఉన్న దీవికి బదిలీ చేశారు. అక్కడ జనాభా మొత్తం పక్షులే.

అక్క ఆ ఆర్డర్ రెండుసార్లు చదివింది. "గిక్కడ గూడ ట్రాన్స్‌ఫరేనా! వాళ్లకెట్ల తెల్సిందే ఇది?"

కేసు సొత్తును వదిలి పోకూడదు. అందుకని మూడు గొర్రెలనూ పడవలో ఎక్కించుకుని దీవికి పోయాను. దీవిలో స్టేషన్ తెరిచి, రోజూ డైరీ రాశాను: ఉదయం గొర్రెలకు మేత వేయడమైనది, నీళ్లు పెట్టడమైనది, శాంతిభద్రతలు అదుపులో ఉన్నవి. అక్క పక్కన కూర్చుని మేత చెప్పేది. "తుమ్మకాయ దొరుకుతదేమో అడుగు" అనేది. సముద్రంలో దీవి అక్కా, అక్కడ నాచు తప్ప ఏమీ లేదంటే, "ఒక్క తుమ్మ చెట్టు లేని దేశమేం దేశమే" అని ఆ రాజ్యం మీద ఉన్న కొంచెం గౌరవమూ పోగొట్టుకుంది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నేను బాత్రూంలో బట్టలు ఉతుక్కుంటుంటే అమ్మ ఫోన్ చేసింది. అక్క ఎత్తింది. అక్క అబద్ధం చెప్పలేదు, అదే ఆమెతో వచ్చిన చిక్కు.

"ఆమెకు జర తీరిక లేదమ్మా. గిల్లమొర్వ స్టేషన్ల రాజు మీద కేసైంది. గందుకే ట్రాన్స్‌ఫర్ చేసిన్రు. అయినా భయపడకున్రి, గొర్రెలు మన దగ్గరనే ఉన్నయి" అని చెప్పి పెట్టేసిందట.

నేను తిరిగి చేసేలోపు లైన్ బిజీ. అమ్మ అంతే, మాట అర్థం కాకముందే దాన్ని నలుగురికీ మోసేసే మనిషి. గంట పాటు బిజీగానే ఉంది. చివరికి దొరికినప్పుడు, "రాజుతోని ఎందుకే లొల్లి? ఏ రాజు వాడు, సర్పంచ్ మనిషా?" అని ఏడుపు. అది ఆట అమ్మా అని చెబితే, "ఆటలనే కాళ్లిరగ్గొట్టుకుంటరు" అంది.

మరుసటి రోజు సాయంత్రం మా హాస్టల్ గేటు దగ్గర ముగ్గురు మనుషులు నిలబడ్డారు. ముందున్నది మా మేనమామ. మా ఊరి నుంచి వచ్చి దోమలగూడ బస్తీలో ఉంటూ మేస్త్రి పని చేస్తాడు. ఆయన వెనక ఇద్దరు కూలీలు, చొక్కాల మీద సిమెంటు. మామ చేతిలో అర కిలో మిఠాయి డబ్బా. లోపలికి మగవాళ్లను రానివ్వరు కనుక నేనే బయటికి పోయాను.

"మామా, ఏమైంది?"

మామ నన్ను చూసి కొంచెం వంగినట్టు నిలబడ్డాడు. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి నా ముందు వంగేసరికి నాకు సిగ్గేసింది. "ఏం లేదు బిడ్డా. గాంధీనగర్ల సైటు నడుస్తుంది. నిన్న మా పనిముట్ల సంచి పోయింది. తాపీలు, రసమట్టం, తూకం గుండు, అన్నీ అండ్లనే. స్టేషన్‌కు పోదామంటే మాకు రాయొస్తదా, చదువొస్తదా. నువ్వు మీ డిపార్ట్‌మెంట్ మనిషివి, నువ్వు చెప్తే ఇంటరు."

"మామా, నాకు ఉద్యోగం రాలే. అది ఫోన్ల ఆట. ఆటల పోలీసును."

మామ తన వెనక ఇద్దరి వైపు చూశాడు. మళ్లీ నా వైపు తిరిగాడు.

"ఆటల పోలీసువైతే ఏంది బిడ్డా, ఫిర్యాదు రాయొస్తదా, రాదా?"

 వస్తుంది. రెండు నెలలుగా రోజూ రాస్తున్నాను. చున్నీ సర్దుకుని వాళ్ల వెంట నడిచాను.

సైటుకు దగ్గర్లో ఉన్న స్టేషన్‌కు పోయాం. అంతకుముందు ఎప్పుడూ ఒక స్టేషన్ మెట్లు ఎక్కలేదు నేను. ఎక్కగానే నాకు తోచింది, దీవి మీద నా స్టేషన్ కంటే ఇక్కడ కుర్చీలు ఎక్కువున్నాయని. మీసాలున్న ఒక పెద్దవయసు హెడ్ కానిస్టేబుల్ ఏంటమ్మా అన్నారు. కాగితం అడిగి, బెంచీ మీద కూర్చుని, ఒక్క ఊపులో రాశాను. ఎప్పుడు చివరిసారి చూశారు, ఎప్పుడు లేదని తెలిసింది, సైటు స్టేషన్‌కు ఏ దిక్కున, తాపీ పిడి మీద ఏ గుర్తు ఉంది, సంచి ఏ రంగు, ఎవరి మీద అనుమానం ఉంది, ఎవరి మీద లేదు. మామ చెబుతుంటే నేను అడుగుతూ పోయాను. రసమట్టానికి ఒక మూల పగిలిందని కూడా రాయించాను.

హెడ్ కానిస్టేబుల్ గారు నిలబడి చదవడం మొదలుపెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని చదివారు.

"మంచిగ రాసినవ్ తల్లీ. అడిగేదానికి ఏం ఉంచలే." తర్వాత వేలు ఒక చోట ఆగింది. "గీ లాస్టు లైనేంది? 'రాజ్యంలోని ప్రజల శాంతి కోసం తగు చర్య తీసుకోగలరు'?"

 అది అలవాటు కొద్దీ వచ్చేసింది. "సారీ సార్, అది కొట్టేస్త."

"ఉండనియ్ తియ్, బాగనే ఉంది." ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. "ఏ స్టేషన్ల చేస్తున్నవమ్మా?"

నేను నోరు తెరిచేలోపే మామ ఛాతీ విరుచుకుని చెప్పేశాడు. "గిల్లమొర్వ పీఎస్ సార్!" అక్క అమ్మకు చెప్పింది, అమ్మ మామకు చెప్పింది. పేరు మాత్రం చెక్కుచెదరకుండా అక్క నోట్లో ఉన్నట్టే వచ్చింది.

హెడ్ కానిస్టేబుల్ గారు పైకప్పు వైపు చూసి ఆలోచించారు. "గిల్లమొర్వ... వికారాబాద్ సైడా?"

"ఇంకా అవతల సార్" అన్నాను.

"దూరమే పడ్డది పాపం" అన్నారు జాలిగా.

నేను ఇక ఉండబట్టలేక నిజం చెప్పేశాను. పరీక్షలు రాస్తున్నానని, అది ఇంగ్లిష్ కోసం ఆడే ఆట అని, అందులో రాజు మీద కేసు పెట్టానని. కోప్పడతారనుకున్నాను. ఆయన పక్క టేబుల్ దగ్గరున్న కానిస్టేబుల్‌ని పిలిచి, "ఇగో ఇటు రా, ఈ పిల్ల రాజు మీద ఎఫ్ఐఆర్ చేసిందట" అని, నాతో మొదటి నుంచీ మళ్లీ చెప్పించుకున్నారు. కాకి కాలిముద్ర దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. మాకందరికీ టీ వచ్చింది. "గొర్రెలను మాత్రం వాపస్ ఇయ్యకు. కోర్టు ఆర్డర్ లేనిది ఇయ్యొద్దు" అని నాకు సీరియస్‌గా చెప్పి పంపారు.

మామ సంచి మర్నాడే దొరికింది. ఎవరన్నా ఎత్తుకుపోతారేమోనని సైటు వాచ్‌మన్ దాన్ని ఇంకా తలుపులు పెట్టని ఒక బాత్రూంలో ఇటుకల చాటున దాచి, సెలవు మీద ఊరికి పోయాడట. మామ మాత్రం సంచి నా రాత వల్లే దొరికిందని బస్తీలో చెప్పుకున్నాడు. తర్వాత నెల రోజులు మా గేటు దగ్గరికి ఎవరో ఒకరు ఫారాలు పట్టుకుని వస్తూనే ఉండేవారు.

ఆ ఆదివారం గొర్రెల కేసు విచారణ. టీచరమ్మే జడ్జి. హాస్టల్‌లో ఆదివారం చికెన్ కనుక అందరూ ఉన్నారు. తిన్నాక ఆరుగురు అమ్మాయిలు మా రెండు మంచాల మీద ఇరుక్కున్నారు. హాస్టల్ ఆంటీ గుమ్మంలో నిలబడి, "ఏం రిజల్ట్ వస్తుందమ్మా ఇయ్యాల?" అని అడుగుతూనే లోపలికొచ్చి తనూ కూర్చుంది.

గొర్రెలు ఎవరివో తేల్చడం ఎలా? రెండు పక్షాలూ చెవి కోత మాదేనంటున్నాయి. అక్క ఉన్నట్టుండి వాళ్ల నాయనకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. వెనక మంద అరుపులు వినబడుతున్నాయి.

"నాయనా, ఒక గొర్రెను ఇద్దరు నాదంటే నాదంటున్నరు. ఎవలదో ఎట్ల తెలుస్తది?"

"ఎవడాడు?"

"ఒక రాజు."

ఆయన రాజు ఎవరని అడగలేదు. "గొర్రెనడుగు, నన్నేమడుగుతవ్. ఇడిచిపెట్టు. ఏ ఇంటికి పోతే ఆ ఇంటిదే" అని పెట్టేశాడు.

అదే ఇంగ్లిష్‌లోకి మార్చి కోర్టులో పెట్టాను. టీచరమ్మకు తెగ నచ్చింది. గొర్రెలను కోటకూ కొండకూ మధ్య మైదానంలో వదలాలని తీర్పు. దారి రెండు పాచికలు చెబుతాయి. ఏడు కంటే తక్కువ పడితే కోట, ఎక్కువ పడితే అక్క గుడిసె. మంచాల మీద ఉన్నవాళ్లంతా నా ఫోన్ మీదికి వంగారు. పాచికలు పడ్డాయి. సరిగ్గా నట్టనడుమ, ఏడు.

టీచరమ్మ చాలాసేపు రాసింది. చివరికి వచ్చింది: గొర్రెలు కోట వైపు చూశాయి, కొండ వైపు చూశాయి. తర్వాత మూడూ తిరిగి, తిన్నగా పోలీసు పడవ ఎక్కి కూర్చున్నాయి. ఇన్నాళ్లూ మేత వేసింది ఆ చేయి కాబట్టి.

గది గొల్లున నవ్వింది. ఆంటీ దేనికో తెలియకుండానే అందరికంటే గట్టిగా నవ్వింది. నేను మాత్రం తల పట్టుకున్నాను. కేసు సొత్తు ఎస్సైని ఎన్నుకుంటే ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ లేదు. అక్క నవ్వుతూనే, "ఉంచుకో పిల్లా. చుక్క దానికి నాచు పడ్డట్టుంది" అంది. కోట వైపు ఒక్క గొర్రె కూడా పోలేదు కనుక, తిన్న గొర్రెలకు మాత్రం రాజుకు శిక్ష పడింది. వారం రోజులు కిరీటం తీసి, అక్క దగ్గర గొర్రెలు కాయాలి. అక్క మందను టీచరమ్మ కొత్తగా నింపింది.

రాజుగారు ఆ వారం పడిన పాట్లు చదవాలి. అక్క ఆయనను పొద్దున్నే హాజరు వేయించుకునేది. "వానకు తడిసిన గడ్డి మేపొద్దని చెప్పిన్నా లేదా?" అని ఇంగ్లిష్‌లో గదమాయించేది. ఆయన మొదట్లో "అపచారము, అపచారము" అన్నారు. నాలుగోరోజుకి ఒక గొర్రె ఈనితే, పిల్లను ఎలా తుడవాలో వేషం పక్కన పెట్టి మామూలు ఇంగ్లిష్‌లో అడిగారు. అప్పుడు తెలిసింది, ఆయన ఎక్కడో పళ్ల డాక్టరు. పేషెంటుకూ పేషెంటుకూ మధ్య రాజ్యం ఏలుతున్నాడు. నాకు విడిగా ఒక మెసేజ్ పెట్టాడు. "నువ్వు ప్రతి నోటీసు చివర 'do the needful' అంటావు. ఆ నీడ్‌ఫుల్ ఏమిటో రెండు నెలలుగా వెతుకుతున్నాను" అని. అప్పటి నుంచి నా వాక్యాల్లో ఎక్కడ తప్పో ఎర్ర గీతలతో పంపేవాడు. నారాయణగూడ సారుకు చెబితే, "నేను కొట్లాడమంటే ఏకంగా రాజును పట్టినవా" అని ఒప్పుకున్నారు.

ఆ తర్వాతి పరీక్షలో ఇంగ్లిష్ పాసయ్యాను. ఆ ఏడు దెబ్బతీసింది లెక్కలు. ఎస్సై పోయింది, కానిస్టేబుల్ వచ్చింది. అమ్మ ఊరంతా మిఠాయి పంచింది. మా మామ మాత్రం కొంచెం నొచ్చుకున్నాడు. "అక్కడ ఎస్సైని చేసిన్రు గద, ఇక్కడ ఎందుకు తగ్గించిన్రు?" అని ఇప్పటికీ అడుగుతాడు. అక్కకు పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. వాళ్ల నాయన మందకు టీకాలు తనే వేయించింది.

ట్రైనింగ్‌కు పోయేముందు రోజు గ్లెన్‌మోర్వాకు రాజీనామా రాశాను. ఒక్క తప్పు లేదు. మా డ్రిల్ మాస్టరు మొదటి వారమంతా ఫోన్లు ముట్టుకోనివ్వలేదు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేతికొచ్చాక తెరిచి చూస్తే, టీచరమ్మ నుంచి ఒక వార్త. రాజుగారు కిరీటం కాకికి అప్పగించి, రక్షక దళంలో కానిస్టేబుల్‌గా చేరారట. కింద ఆయన రాసిన మొదటి కేసు కాపీ, నా అభిప్రాయం కోసం. వాగు దగ్గర దయ్యం ఉతకడానికి తీసుకున్న దుప్పటి తిరిగి ఇవ్వలేదని ఎవరో పెట్టిన ఫిర్యాదు.

చెట్టు కింద కూర్చుని శ్రద్ధగా చదివాను. ఇంగ్లిష్ బంగారంలా ఉంది. టైం లేదు, దిక్కు లేదు, సాక్షులు లేరు, దుప్పటి రంగు లేదు. నాలుగు చోట్లా గీత గీసి తిప్పి పంపాను.